38 డాలర్ల గిటార్

నాష్‌విల్ బ్రాడ్‌వే దగ్గర శనివారం సాయంత్రం కారు పెట్టుకోవడానికి 40 డాలర్లు అడిగారు. అదీ మూడు వీధుల అవతల, గీతలు కూడా సరిగా లేని ఖాళీ స్థలంలో. "బావా, దీంతో ఇద్దరం కడుపునిండా బిర్యానీ తినొచ్చు" అన్నాడు మా బావమరిది. వాడు ప్రతి ఖర్చునీ బిర్యానీల్లోనే లెక్కేస్తాడు.

అట్లాంటా నుంచి దారి మీకు తెలిసిందే. ఛట్టనూగాలో ట్రాఫిక్, మాంటీగిల్ కొండ మీద లారీల వెనక పాకడం, మధ్యలో గడియారం వెనక్కి జరిగి ఒక గంట కలిసిరావడం. గణేశుడి గుడి, సెంటెనియల్ పార్కులో పార్థినాన్, హాట్ చికెన్ కోసం క్యూ, ఇవేవీ రాయను. వెళ్ళినవాళ్ళంతా ఆ ఫొటోలు పెట్టేశారు. మా ఆవిడ, పిల్లలు హోటల్లో పడుకుంటామన్నారు. మేమిద్దరం మాత్రం సంగీతం విందామని బయల్దేరాం.

తీరా చూస్తే అక్కడ సంగీతం కంటే గోల ఎక్కువ. రోడ్డుకి రెండు పక్కలా మూడేసి అంతస్తుల బార్లు, ఒక్కో అంతస్తులో ఒక్కో బ్యాండు, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. పెళ్ళి కుదిరిన అమ్మాయిలు, వాళ్ళ స్నేహితురాళ్ళు గులాబీ టోపీలు పెట్టుకుని, తొక్కుకుంటూ పోయే బండ్ల మీద కేకలు. లోపల వాయించేది చూస్తే ఏ ఊళ్ళోనైనా వినిపించే రాక్ పాటలే. కంట్రీ, అంటే అమెరికా పల్లె సంగీతానికి ఈ ఊరు రాజధాని అంటారు కదా, ఆ కంట్రీ ఎక్కడ? నాకు తలనొప్పి మొదలైంది. వెనక్కి పోదామంటే, కట్టిన 40 డాలర్లు గుర్తొస్తున్నాయి.

అప్పుడు ఒక గుమ్మం లోంచి సన్నగా జారుతూ ఒక తీగ వినపడింది. రాబర్ట్స్ వెస్టర్న్ వరల్డ్. గోడకి అరల నిండా తోలు బూట్లు. ఒకప్పుడు బూట్ల దుకాణమట. అంతకు ముందు అదే చోట షో-బడ్ వాళ్ళ స్టీల్ గిటార్ల దుకాణం ఉండేది. బావమరిది వేయించిన బొలోనా శాండ్‌విచ్ చెప్పాడు. నాది శనివారం ఒక్కపొద్దు, కాబట్టి చిప్స్‌తో సరిపెట్టుకున్నాను.

వేదిక మీద పాడే అబ్బాయి ముందున్నాడు, అందరి కళ్ళూ వాడి మీదే. స్టీల్ గిటార్ ఆయన పక్కన, కొంచెం వెనగ్గా, బల్ల ముందు కూర్చున్న గుమాస్తాలా ఉన్నాడు. వయసు డెబ్బై పైనే ఉంటుంది. గిటార్ అంటే భుజానికి తగిలించుకునేది కాదు. నాలుగు కాళ్ళ మీద అడ్డంగా నిలబెట్టిన పలక, దాని మీద పది తీగలు. ఎడమచేత్తో నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద ఆనించి జరుపుతున్నాడు. కుడిచేతి వేళ్ళకి తొడుగులు. కుడికాలు శబ్దాన్ని పెంచీ తగ్గించే పెడల్ మీద, ఎడమకాలు మిగతా పెడళ్ళ మీద. మోకాళ్ళు కూడా ఊరుకోవు, బల్ల కింద ఉన్న మీటల్ని పక్కలకి నెడుతుంటాయి. పెడల్ నొక్కితే ఒకటో రెండో తీగలు బిగుసుకుంటాయి, మిగతావి ఉన్నచోటే ఉంటాయి. మూడు స్వరాలు కలిసి మోగుతుండగా అందులో ఒకటి మాత్రం మెల్లగా పైకి పాకుతుంది. వినేవాళ్ళకి గొంతులో ఏదో అడ్డంపడినట్టు ఉండేది అందుకే. ఇంత జరుగుతున్నా ఆయన మొహంలో మాత్రం బ్యాంకు పాస్‌బుక్ చూసుకుంటున్నంత ప్రశాంతత.

నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. పాడేవాడు నోరు తెరిచినంతసేపూ ఆయన దాదాపు వాయించలేదు. పాట పాదం ముగిసీ ముగియగానే, వాడు ఊపిరి పీల్చుకునే ఆ కాస్త సందులో రెండు మూడు స్వరాలు జార్చి మళ్ళీ తప్పుకునేవాడు. బుర్రకథలో వంతపాటగాడు చేసే పని ఇదే. కథంతా కథకుడిదే, కానీ వంత సరిగ్గా అందకపోతే ఆ కథ నడవదు.

విరామంలో టిప్పుల బకెట్ తిరిగింది. పది డాలర్లు వేసి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఎక్కడి నుంచి అని అడిగాడు. అట్లాంటా అన్నాను.

"అయితే పీట్ డ్రేక్ మీ వైపువాడే. తెలుసా?"

తెలియదన్నాను. ఆయనేమీ అనుకోలేదు, ఇలాంటి జవాబు అలవాటే కాబోలు. "బాబ్ డిలన్ 'లే లేడీ లే' విన్నారా?" విన్నాను, వరంగల్ హాస్టల్లో సీనియర్ దగ్గర క్యాసెట్ ఉండేది. "'స్టాండ్ బై యువర్ మ్యాన్'?" విన్నాను. "జార్జ్ హారిసన్ 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్'?" కొన్ని పాటలు విన్నాను. "అయితే పీట్ మీకు బాగా తెలుసు" అని నవ్వి, చల్లారిపోతున్న కాఫీ అందుకున్నాడు.

ఆ కాఫీ అయ్యేలోపు ఆయన చెప్పినవీ, రాత్రి హోటల్లో నిద్ర మానుకుని నేను చదివినవీ కలిపి చెబుతాను. ఆ పాటల్లో స్టీల్ గిటార్ వాయించిన డ్రేక్ 1932లో జార్జియాలోని అగస్టాలో పుట్టాడు, తండ్రి చర్చి ప్రబోధకుడు. రేడియోలో జెర్రీ బర్డ్ స్టీల్ విని మనసు పారేసుకుని, అట్లాంటాలో ఒక తాకట్టు కొట్లో 38 డాలర్లకి స్టీల్ గిటార్ కొన్నాడు. 1959లో నాష్‌విల్ చేరాడు. కొద్దికాలానికే ఊరంతా అతన్నే పిలవడం మొదలుపెట్టింది. అప్పటి స్టూడియో రోజు అంటే పొద్దున పదికి ఒక సెషన్, రెండింటికి ఒకటి, ఆరింటికి ఒకటి, రాత్రి పదికి ఇంకొకటి. ఒక్కోటి మూడు గంటలు, అందులో మూడు నాలుగు పాటలు పూర్తికావాలి. స్వరాలు రాసివ్వరు, కలిపి వాయించే స్వరాల (కార్డ్స్) పేర్లకి బదులు అంకెలు రాసిన చీటీ ముందుంటుంది. పాట ఒకసారి విని, తన వంతు ఏమిటో అక్కడికక్కడే ఊహించుకుని వాయించాలి.

1970లో బీటిల్స్‌లో ఒకడైన హారిసన్ పిలిస్తే డ్రేక్ లండన్ వెళ్ళాడు. తనని తీసుకురావడానికి ఇంకో బీటిల్ రింగో స్టార్ పంపిన కారులో కంట్రీ టేపులు కనపడ్డాయి. అలా మాట కలిసి, రింగోని నాష్‌విల్ రప్పించి ఒక ఆల్బమ్ మొత్తం రోజుల్లో పూర్తిచేయించాడు. అంతకు ముందు 1964లో అతని గిటార్ మాటలు కూడా పలికింది. గిటార్ శబ్దాన్ని ఒక గొట్టం గుండా నోట్లోకి పంపి, పెదాలు కదిపి ఆ శబ్దాన్నే మాటలుగా మలిచేవాడు. అలా చేసిన 'ఫరెవర్' హిట్టయింది. హారిసన్ రికార్డింగ్‌లో ఆ గొట్టాన్ని దగ్గర నుంచి చూసిన కుర్రాడు పీటర్ ఫ్రాంప్టన్. తర్వాత అదే పద్ధతితో లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆ గొట్టం పరికరం పేరు టాక్ బాక్స్, అదంటే ఇప్పటికీ జనం ఫ్రాంప్టన్ పేరే చెబుతారు.

వేగం, పాండిత్యం అంటే స్టీల్ వాయించేవాళ్ళు బడ్డీ ఎమన్స్ పేరెత్తుతారు. డ్రేక్ వాయించేది మరీ సులువు అనే మాట కూడా వినపడుతుంది. నాకలా అనిపించలేదు. 'లే లేడీ లే'ని చెవిలో పెట్టుకుని మళ్ళీ విన్నాను. చేసింది చాలా తక్కువ, కానీ దాన్ని తీసేస్తే మిగిలేది సగం పాట. చేతినిండా విద్య ఉండీ ఇంత తక్కువ వాయించడానికి ఎంత నిగ్రహం కావాలో, పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా కీబోర్డు వాళ్ళని విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాం. టికెట్ ఖరీదు విని బావమరిది మళ్ళీ బిర్యానీలు లెక్కపెట్టాడు. పిల్లలు ఎల్విస్ కారు చూస్తుంటే నేను నేరుగా గుండ్రటి హాల్లోకి వెళ్ళాను. గోడ చుట్టూ కంచు ఫలకాలు. వాటిని ఏడాది వరసలోనో గొప్పదనం వరసలోనో పెట్టరు, అందరూ సమానమే. ఆ సంగతి నచ్చింది కానీ, మనకి కావాల్సిన మనిషిని వెతుక్కోవడం పెద్ద పని. వెతికితే దొరికాడు. డ్రేక్ 1988లో 55 ఏళ్ళకే పోయాడు. ఈ గోడ మీదకి ఎక్కింది 2022లో. ముప్ఫై నాలుగేళ్ళు! అతను వెనక వాయించిన వాళ్ళలో ఎందరో అప్పటికే అక్కడున్నారు.

తిరుగు ప్రయాణంలో ఆ పాటలే పెట్టాను. "ఇది మన రేడియోలో వచ్చే హవాయన్ గిటార్ కదా బావా" అన్నాడు వాడు. కరెక్టే పట్టాడు. హవాయిలో జోసెఫ్ కెకుకు మొదలుపెట్టిన ఈ పద్ధతి ఒకవైపు అమెరికా పల్లెల్లోకి వచ్చి పెడళ్ళు తగిలించుకుంది. ఇంకోవైపు కలకత్తా చేరింది. 1940లలో టావ్ మో కుటుంబం అక్కడే ఉండి వాయించేది. మా చిన్నప్పుడు వివిధ భారతిలో రెండు కార్యక్రమాల మధ్య ఖాళీ వస్తే, హవాయన్ గిటార్ మీద హిందీ పాటలు వేసేవాళ్ళు. అమ్మ కూరలు తరుగుతూ కూనిరాగం తీసేది. వాయించింది ఎవరో ఒక్కసారి కూడా చెప్పిన గుర్తు లేదు. సునీల్ గంగూలీ లాంటి వాళ్ళకి సొంత రికార్డులున్నాయి కాబట్టి పేరు మిగిలింది. మద్రాసు స్టూడియోల్లో మన పాత పాటల మధ్య తీగ జార్చి డబ్బులు తీసుకుని ఇంటికెళ్ళిపోయిన వాళ్ళ సంగతేమిటి? రికార్డు మీద పాడినవాళ్ళు, రాసినవాళ్ళు, సంగీత దర్శకుడు, సినిమా పేరు, అంతే. అమ్మ ఇప్పటికీ ఆ బిట్లన్నీ తప్పు లేకుండా పాడుతుంది. అవి వాయించిన ఒక్కరి పేరు కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఇంత హిట్టయిన పాటకి ఆయనకేం ముట్టుంటుంది?" అన్నాడు బావమరిది.

"మూడు గంటల సెషన్ డబ్బులు."

"రాయల్టీ?"

"అది పాడినవాళ్ళకీ రాసినవాళ్ళకీ."

వాడు కాసేపు మాట్లాడలేదు. ఏదో లెక్క వేస్తున్నాడనుకున్నాను. మారియెట్టా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక చూస్తే, పాటలో మాటలు వదిలేసి స్టీల్ వచ్చే చోటల్లా ముక్కుతో సాగదీస్తున్నాడు. వెనక సీట్లోంచి మా ఆవిడ "ఆపరా తమ్ముడూ, పిల్లలు ఇప్పుడే పడుకున్నారు" అని కసిరింది. వాడు గొంతు తగ్గించాడు కానీ ఆపలేదు.