అరవైకి పదిహేనైతే నూటికెంత?

"అమ్మా, నువ్వు హెల్ప్ చేస్తే నాకు రెండు హోమ్‌వర్కులు అవుతున్నాయి."

ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి పోయిన వారం అన్న మాట ఇది. నిజానికి సగానికి పైగా ఇంగ్లీషులోనే అంది. తెలుగులో రాస్తే కాస్త మర్యాదగా ఉంటుందని ఇలా రాస్తున్నాను. ఒక హోమ్‌వర్కు టీచర్ ఇచ్చిందట. రెండోది, నేను చేసి చూపించిన లెక్కని టీచర్‌కి అర్థమయ్యేలా మళ్లీ రాసుకోవడమట.

అప్పటికి నవ్వేశాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ మాటే తిరిగింది.

ఎందుకంటే తన చదువులో నాకు చేతనయ్యింది ఆ ఒక్క సబ్జెక్టే. ఇక్కడి చరిత్ర, అంటే అమెరికా చరిత్ర, నేను చదివింది కాదు. వ్యాసం దిద్దబోతే "అలా ఎవరూ అనరమ్మా" అంటుంది. లెక్కలకి మాత్రం యాస ఉండదు కదా, త్రిభుజం ఎక్కడైనా త్రిభుజమే కదా అని నా ధీమా. తన ఒకటో తరగతి నుంచీ ఈ ఒక్క కుర్చీ నాదని పట్టుకు కూర్చున్నాను.

ఆ కుర్చీ మొదటిసారి కదిలింది ఒక చతుర్భుజం దగ్గర. రెండు భుజాలు సమాంతరంగా ఉండే బొమ్మని చూసి నేను "ట్రెపీజియం" అన్నాను. "కాదు, ట్రెపిజాయిడ్" అంది. నీకు తప్పు నేర్పారంది ఒకరు, నీకే తప్పు నేర్పారంది ఇంకొకరు. తీరా వెతికితే ఇద్దరికీ సరిగ్గానే నేర్పారు. 1795లో చార్లెస్ హటన్ అనే ఇంగ్లండు గణితవేత్త తన నిఘంటువులో ఈ రెండు పేర్లనీ తారుమారు చేశాడు. తర్వాత ఇంగ్లండు సర్దుకుంది, అమెరికా అలాగే ఉంచేసుకుంది. మనం ఇంగ్లండు దారిన చదువుకున్నాం. రెండొందల ఏళ్ల నాటి ఒక పొరపాటు మీద మేమిద్దరం ఆ సాయంత్రం గంటసేపు మాట్లాడుకోలేదు. సమలంబ చతుర్భుజం అని తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లకి ఈ గొడవే లేదు.

అది చిన్న విషయం. అసలు సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది.

ఒకరోజు నేను ఆఫీసు కాల్ ముగించుకుని వచ్చేసరికి, తను హోమ్‌వర్కు పక్కన పెట్టి కాగితాలు చింపుతోంది. బల్ల నిండా ముక్కలు. నాకు ఒళ్లు మండింది. "రేపు టెస్టు పెట్టుకుని ఆటలేంటి? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని మొదలుపెట్టి, ఫోను, నిద్ర, చిందరవందరగా ఉన్న గది, అన్నిటినీ కలిపి అచ్చ తెలుగులో అందుకున్నాను. తను ఏమీ అనలేదు. చేతిలో ఉన్న మూడు ముక్కల్ని స్కేలు అంచుకి ఒకదాని పక్కన ఒకటి ఆనించింది. అవి ఒక త్రిభుజం నుంచి చింపిన మూడు మూలలు. మొనలు మూడూ ఒకే చుక్క దగ్గర కలిశాయి. స్కేలు అంచు వెంబడి ఎక్కడా సందు లేకుండా సరిగ్గా సరళరేఖ అయ్యాయి. "వన్ ఎయిటీ" అంది, నావైపు చూడకుండా.

అదే హోమ్‌వర్కట. చింపి చూడమన్నారట.

త్రిభుజంలోని కోణాల మొత్తం 180 డిగ్రీలని నాకు ఎప్పట్నించో తెలుసు. దానిమీద ఎన్ని లెక్కలు చేశానో, ఎన్ని మార్కులు తెచ్చుకున్నానో. కానీ ఆ మూడు మూలలూ అలా ఒక గీతలోకి వచ్చి సర్దుకోవడం మాత్రం ఆరోజే చూశాను, అదీ అరిచిన గొంతు ఇంకా మామూలు కాకముందే. సారీ చెప్పాను. "ఇట్స్ ఫైన్" అంది. ఫైన్ కాదని ఇద్దరికీ తెలుసు.

కాసేపయ్యాక ముక్కలన్నీ పోగు చేస్తూ అంది: "నువ్వు లెక్కలు ఇంగ్లీషులో చెప్తావు. తిట్టేటప్పుడు మాత్రం తెలుగు."

ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూలు పెట్టింది నేనే. కానీ పెన్సిల్ పట్టుకోగానే నాకు తెలియకుండానే ఇంగ్లీషులోకి వెళ్లిపోతాను. ఓపిక ఉన్నంతసేపూ ఇంగ్లీషు, ఓపిక అయిపోగానే తెలుగు. మరి తెలుగు వినగానే ఆ పిల్ల భుజాలు బిగుసుకుంటే తప్పెవరిది?

దాంతో శాతాల పాఠం వచ్చినప్పుడు పంతం పట్టాను, తెలుగులోనే చెబుతానని. "60లో 15 ఎంత శాతం" అన్న ప్రశ్న దగ్గర తను ఆగిపోయింది. దేన్ని దేనితో భాగించాలో ప్రతిసారీ తికమక. నేనైతే అలవాటు చొప్పున అడ్డ గుణకారం వేసేదాన్ని. ఆరోజు మాత్రం నోటికొచ్చినట్టు అడిగాను: "అరవైకి పదిహేనైతే, నూటికెంత?"

తను ఒక్క క్షణం ఆగింది. "అరవైలో పదిహేను అంటే నాలుగో వంతు... సో నూటికి ఇరవై అయిదు?"

నేను ఏమీ నేర్పలేదు. ఆ 'కి' ప్రత్యయమే పని చేసిపెట్టింది. ఇంతకి ఇంతైతే అంతకి ఎంత అనడంలోనే నిష్పత్తి మొత్తం ఉంది. పర్సెంట్ అన్నా వందకి అనే అర్థం, శాతంలో ఉన్నదీ శతమే. కానీ ఆ మాటల్లో వంద దాక్కుని ఉంటుంది, నూటికి అంటే ఎదురుగా నిలబడుతుంది. నాకప్పుడు కలిగిన గర్వం చూడాలి, ఆ మాటని నేనే కనిపెట్టినట్టు.

గర్వపడి ఊరుకుంటే బాగుండేది. మర్నాటికల్లా రెండు కాగితాల నిండా పదాల పట్టిక రాసి గోడకి అంటించాను. వ్యాసార్థం, పరిధి, వైశాల్యం, సంభావ్యత, కర్ణం. "కర్ణం అంటే చెవి అన్నావు కదా?" అంది. చెవీ కర్ణమే, లంబకోణ త్రిభుజంలో పొడుగు భుజమూ కర్ణమే, దీర్ఘచతురస్రాన్ని ఐమూలగా కోసే గీతా కర్ణమే అన్నాను. ఆ పొడుగు భుజం ఈ గీతా ఒకటే కదా అని తనకి తోచింది గానీ, పట్టిక మాత్రం మూడో రోజుకి గోడ మీద లేదు. ఎవరు తీశారని నేను అడగలేదు.

ఇక సంభావ్యత. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒకసారైనా బొమ్మ పడే అవకాశం ఎంత? నేను నిలబడే, మరో పని చేసుకుంటూ చెప్పేశాను: "బొమ్మ అసలు పడకపోవచ్చు, ఒకసారి పడొచ్చు, రెండుసార్లూ పడొచ్చు. మూడింట్లో రెండు." తను తల అడ్డంగా ఊపి, కొమ్మలు కొమ్మలుగా చెట్టు గీసింది. బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు. నాలుగింట్లో మూడు. ఒకసారి పడటమనేది రెండు రకాలుగా జరగొచ్చన్నది నేను మర్చిపోయాను.

ఓడిపోయినవాళ్లు చేసే పనే చేశాను, నాలాంటి తప్పు ఇంకెవరైనా చేశారా అని వెతికాను. దొరికాడు! ఫ్రాన్సులో దలంబేర్ అనే మహా గణితవేత్త, 1754లో, తనే సంపాదకుడిగా ఉన్న విజ్ఞాన సర్వస్వంలో, ఇదే లెక్కకి మూడింట్లో రెండని రాశాడు. ఆయన దారి కొంచెం వేరు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయినట్టే, ఇంక రెండోసారి ఎగరేయడమెందుకన్నాడు. జవాబు మాత్రం నాదే. పరుగున వెళ్లి మా అమ్మాయికి చెప్పాను. తను శ్రద్ధగా విని, "మరి ఆయన తప్పు ఒప్పుకున్నాడా?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఆయన గురించి కాదు.

ఇలాంటి పిల్లలున్నవాళ్లకి చెప్పగలిగినవి రెండు మూడు ఉన్నాయి. పెన్సిల్ ముట్టుకోకండి. నా చెయ్యి ఎంత బరువంటే, నేను ఒత్తి రాసిన సమీకరణాలు కింది మూడు పేజీల మీద కూడా పడేవి. పాపం, వాటి మీదే తను తన లెక్కలు రాసుకునేది. ముందు టీచర్ ఎలా చెప్పిందో పిల్లల్నే చెప్పమనండి, సగం తప్పులు అక్కడే బయటపడతాయి. బడి అయ్యాక టీచర్ దగ్గర కూర్చునే సమయం ఉంటే నామోషీ పడకుండా పంపండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఖాన్ అకాడమీ పాఠాల వీడియోలు సరేసరి. (అది పెట్టింది సల్మాన్ ఖాన్. సినిమా ఆయన కాదు, ఈయన వేరే.) ఆయన ఈ పని మొదలుపెట్టింది 2004లో, దూరాన ఉన్న కజిన్‌కి లెక్కలు చెప్పడంతో. కూతురికి కాదు, కజిన్‌కి, అదీ దూరం నుంచి. ఆ రెండూ గమనించాలి.

ఇవన్నీ చెబుతున్నానే గానీ, ఇవి పాటించిన ఇంట్లో ఆ అరవైకి పదిహేను జరిగేదా? నేను మొండిగా వెళ్లి కూర్చోబట్టే కదా ఆ నూటికి అన్న మాట తనకి చేరింది. మరి మొండిగా వెళ్లి కూర్చోబట్టే కదా ఆ తిట్లూ చేరాయి. ఒకటి ఉంచుకుని రెండోది తీసేసే పద్ధతి నాకింకా దొరకలేదు.

ప్రస్తుతానికి మా ఆయనకి అప్పగించాను. ఆయన పద్ధతి ఒకటే: "నాకు గుర్తులేదు, నువ్వే చెప్పు." తను చెబుతుంది, చెబుతూ చెబుతూ తన తప్పు తనే పట్టుకుంటుంది. వినడానికి హాయిగానే ఉంటుంది. నిన్న సాయంత్రం పక్క గదిలోంచి వినిపించింది. ఒక ధర 20 శాతం తగ్గి, తర్వాత 20 శాతం పెరిగితే చివరికి ఎంత? "తగ్గినంతే పెరిగింది, అంటే మొదటికొచ్చినట్టే కదా?" అన్నారాయన. "అవును కదా" అంది మా అమ్మాయి.

వంద కాస్తా తగ్గి ఎనభై అవుతుంది, ఎనభైలో ఇరవై శాతం పదహారే, మొత్తం తొంభై ఆరు. ఆయన నిజంగా తప్పు చెప్పారో, కావాలని చెప్పారో ఇన్నేళ్ల కాపురంలోనూ కనిపెట్టలేను. కాస్త ఆగితే తనే పట్టుకుంటుందేమో. పది దాకా లెక్కపెడదామనుకున్నాను.

ఏడు దగ్గర లేచాను.