నోటరీ స్టాంపు పెళ్లి

శుక్రవారం, హంట్స్‌విల్ (అలబామా, అమెరికా)

పొద్దున బ్యాంకులో ఒక పెళ్లి చూశాను. అసలు పెళ్లి మాఘమాసంలో, భీమవరంలో. ఇన్సూరెన్సు గొడవ ఉందని ముందే ఇక్కడ కాగితం మీద కానిచ్చేస్తున్నారు. "అక్కా, మీరొస్తే కాస్త ధైర్యం" అన్నాడు పక్కవీధి కుర్రాడు. చీర కట్టుకుని మరీ వెళ్లాను. నోటరీ ఆవిడ డ్రైవింగ్ లైసెన్సులు చూసి, సంతకాలు పెట్టించి, స్టాంపు కొట్టింది. నాకిప్పుడు వేరే పెళ్లి లేదు, ఇష్టపడే చేసుకుంటున్నాను అని ఇద్దరూ రాసిచ్చే ఫారం అది. దాన్ని 30 రోజుల్లోపు ప్రొబేట్ కోర్టులో, అంటే పెళ్లిళ్లు నమోదు చేసే స్థానిక కోర్టులో, ఇచ్చేస్తే చాలు. "ఇంతేనా అక్కా?" అంది పిల్ల, ఫొటో ఎక్కడ దిగాలో తెలియక.

ఇంతే. అలబామాలో 2019 ఆగస్టు నుంచి పెళ్లి లైసెన్సు లేదు, పెళ్లి జరిపించే మనిషి కూడా అక్కర్లేదు. దీని వెనక కథ ఆ పిల్లకు కారులో చెప్పాను. స్త్రీ పురుషుల మధ్య జరిగేదే పెళ్లి అని రాష్ట్ర రాజ్యాంగంలో రాయాలని చర్చిలు, కుటుంబ సంఘాలు పట్టుబట్టాయి. 2006లో ఓటింగ్ పెడితే 81 శాతం సరేనన్నారు. 2015లో స్వలింగ జంటలకూ పెళ్లి హక్కు ఉందన్న అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో అది చెల్లకుండా పోయింది. అప్పుడు కొన్ని కౌంటీల (మన జిల్లాల్లాంటివి) ప్రొబేట్ జడ్జీలు, స్వలింగ జంటలకు ఇవ్వాల్సి వస్తుందని, అసలు ఎవరికీ లైసెన్సులు ఇవ్వడం మానేశారు. మామూలు జంటలు కూడా పక్క కౌంటీకి పరుగెత్తాల్సిందే. ఆ చిక్కు తీర్చడానికి రాష్ట్ర సెనేటర్ గ్రెగ్ ఆల్‌బ్రిటన్ లైసెన్సునే ఎత్తేసే బిల్లు తెచ్చాడు. పెళ్లి పవిత్రత కాపాడాలని మొదలుపెట్టి నోటరీ స్టాంపు దగ్గర తేలారు. ఎవరు ఎవరిని చేసుకుంటే వీళ్లకేం నష్టమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మధ్యాహ్నం మా ఆయన ఫోన్. పవర్‌బాల్ లాటరీ బహుమతి బాగా పెరిగిందట, ఆఫీసులో డబ్బులు పోగేసి ఒకతన్ని ఆర్డ్‌మోర్ పంపిస్తున్నారట. ఆ ఊరు సగం అలబామా, సగం టెనెసీ. గీత దాటితే లాటరీ టికెట్లు దొరుకుతాయి. ఇక్కడ దొరకవు, రాష్ట్ర రాజ్యాంగమే ఒప్పుకోదు. 1999లో గవర్నర్ డాన్ సీగల్‌మన్ జార్జియాలో లాగా పిల్లల చదువులకు లాటరీ పెడదామంటే, పాస్టర్లు ఊరూరా ప్రచారం చేసి 54 శాతం ఓట్లతో ఓడించారు. ఇందులో తమాషా తర్వాత బయటపడింది. ఆ వ్యతిరేక ప్రచారానికి పక్కనున్న మిసిసిపీలో కాసినోలు నడిపే చాక్టా అనే ఆదివాసీ తెగ డబ్బు కూడా మధ్యవర్తుల చేతులు మారి చేరిందని అమెరికా సెనేట్ కమిటీ నివేదికలో ఉంది. పక్క రాష్ట్రంలో పోటీ వద్దనుకున్న జూదం డబ్బే జూదాన్ని ఆపింది! పాపం ఆదివారం చర్చిలో చేతులెత్తి ప్రార్థించిన వాళ్లకు ఇది తెలిసుండదు.

2024లో మళ్లీ అదే కథ. లాటరీ ప్రతిపాదనను జనం ముందు పెట్టడానికి రాష్ట్ర సెనేట్‌లో 21 ఓట్లు కావాలి, 20 వచ్చాయి. బిల్లును సెనేట్‌లో నడిపించింది ఆ పెళ్లి లైసెన్సుల ఆల్‌బ్రిటనే. చివరికి వచ్చిన రూపం నచ్చక ఆయనే వ్యతిరేకంగా ఓటేశాడు. బాప్టిస్టు చర్చిల అండ ఉన్న అలబామా సిటిజన్స్ యాక్షన్ ప్రోగ్రామ్ వాళ్లు సంతోషించారు.

నిజం చెప్పాలంటే నేనూ సంతోషించాను. పెళ్లి విషయంలో వాళ్లతో ఒక్క మాట కలవదు కానీ, ప్రభుత్వమే తన జనానికి ఆశ చూపి జేబు కొట్టకూడదన్న వాదన నాకు సరిగ్గానే తోస్తుంది. పిన్ని కొడుకు ఆన్‌లైన్ రమ్మీలో పిన్ని గొలుసు దాకా తెచ్చాడు. తెలంగాణలో 2017లో, ఆంధ్రాలో 2020లో నిషేధించారు. వీడు మాత్రం ఫోన్‌లో లొకేషన్ మార్చి ఆడేవాడు. 2025లో దేశమంతటికీ చట్టం వచ్చాక ఆ యాప్‌లో డబ్బాటలు ఆపేశారట. మానాడా అంటే అమ్మ జవాబు చెప్పకుండా మాట మార్చేస్తుంది.

చట్టంతో మనిషి మారడని ఇక్కడి మిత్రులు అంటారు. కాదు, కొంత మారతాడు. గొలుసు తాకట్టు పెట్టడానికి నాలుగు ఊళ్లు తిరగాల్సి వస్తే, ఏదో ఒక ఊళ్లో ఆగిపోయే అవకాశమైనా ఉంటుంది.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను, "మీరూ ఇచ్చారా ఏంటి?"

"రెండు డాలర్లే."

"ఎందుకండీ? మీకు నమ్మకం లేదుగా!"

"వాళ్లందరికీ తగిలి రిజైన్ చేసేస్తే, సోమవారం నుంచి ఆ పనంతా నేనొక్కడినే చేయాలి!"

అమ్మతో మాత్రం అనొద్దని చెప్పాను.