ఫోన్ మా అబ్బాయికి ఇవ్వమన్నారు

నాకు 53 ఏళ్లు. ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ని. ఒకప్పుడు 11 రిజిస్టర్లు చేత్తో రాసేవాళ్లం. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక పిల్లల బరువు, ఎత్తు, హాజరు అన్నీ ఫోన్‌లోకి మారాయి.

సెక్టార్ మీటింగ్‌లో ఆ యాప్ నేర్పడానికి వచ్చిన కుర్రాడు మమ్మల్ని చూడగానే అన్నాడు: "మీ వయసు వాళ్లకి ఇది కష్టం అమ్మా. ఇంట్లో అబ్బాయి ఉంటే ఫోన్ అతనికిచ్చి చేయించండి." అమ్మాయి అనలేదు. మా ఇంట్లో డిగ్రీలో కంప్యూటర్స్ చదివేది అమ్మాయే, అబ్బాయి అప్పటికి ఇంటర్. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ ఆ రోజు నేనూ నిజమే అనుకున్నాను. ఫోన్ తెచ్చి వాడి చేతికే ఇచ్చాను.

నాలుగు నెలలు వాడే ఎంట్రీలు చేశాడు. ఒకరోజు సూపర్‌వైజర్ మేడమ్ ఫోన్ చేసి, "మీ సెంటర్‌లో ఒక పాప తీవ్ర పోషకాహార లోపంలో ఉంది, చూసుకోవట్లేదా?" అని గట్టిగా అడిగారు. ఆ పాప వాళ్లమ్మతో వచ్చి నా ఒళ్లో ఆడుకునేదే, బొద్దుగా ఉంటుంది. నేను బరువులు రాసుకునే పుస్తకం తీసి చూస్తే 10.2 కిలోలు. యాప్‌లో 7.2 పడింది. మా వాడిని ఏమీ అనలేదు, వాడికి ఆ పాప ఎవరో తెలియదు కదా. నేనైతే 7.2 అని చూడగానే ఆగిపోయేదాన్ని.

ఆ సాయంత్రం నుంచి ఫోన్ నా దగ్గరే. అమ్మాయి పక్కన కూర్చుంది గానీ ఒక్కసారి కూడా ఫోన్ లాక్కోలేదు. "నువ్వే నొక్కమ్మా" అనేది. ముందు అక్షరాల సైజు పెంచడం చూపించింది. సగం టెన్షన్ దాంతోనే పోయింది, ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పని సంగతి అది. వారం రోజులు ఒకటే పని: పుస్తకం చూసి అంకె కొట్టడం, సబ్మిట్ నొక్కే ముందు దాన్ని పైకి చదవడం.

2025 జులైలో అంగన్‌వాడీ నుంచి ఇంటికిచ్చే రేషన్‌కి ముఖం గుర్తింపు తప్పనిసరి చేశారు. ముందు ఆధార్ ఈ-కేవైసీ అవ్వాలి. ఓటీపీ ఏమో ఆధార్‌కి లింకైన నంబరుకు వెళ్తుంది. మా ఊళ్లో చాలామంది తల్లుల ఆధార్‌కి ఉన్నది భర్త నంబరు, ఆయన హైదరాబాదులో తాపీ పనిలో. మధ్యాహ్నం అన్నం వేళకే ఫోన్ ఎత్తుతాడు. అందుకని ముందు రోజే ఆ భర్తలకి చెప్పి ఉంచి, ఒంటిగంటకు తల్లుల్ని రమ్మన్నాను. ఫొటోకి గుమ్మంలో, వెలుగు ముఖాన పడేలా నిలబెట్టాను. పది రోజుల్లో నలుగురివి తప్ప అన్నీ అయ్యాయి. ఆ నలుగురి నంబర్లు ఇప్పుడు వాడుకలో లేవు, ఆధార్ సెంటర్‌కి పంపాను.

మొన్న మీటింగ్‌లో పక్క ఊరి అక్కతో, 58 ఏళ్లావిడ, "మీ మనవడితో చేయించండి" అన్నారు ఒక సార్. నేను లేచి, "అక్కే చేస్తుంది సార్, పది నిమిషాలు ఆగండి" అన్నాను. మొదటి పేరు ఎక్కించడానికి ఆమెకి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆయన ఆగారు.