కిత్తనార తంపటి

ఉదయగిరి వైపు మెట్ట పొలాల్లో పెరిగిన వారికి కిత్తనారను పరిచయం చేయనక్కరలేదు. బూడిద పూసినట్లుండే దళసరి మట్టలు, అంచుల వెంట ముళ్లు, కొసన దబ్బనమంత సూది ఉండే ఈ మొక్కను గట్టు మీద ఒకసారి నాటితే మళ్లీ కంచె సంగతి చూడవలసిన పని ఉండేది కాదు. మా తాత ఏటా కొన్ని మట్టలు కోసి, చెరువులో ఒక మూల నానవేసి, కుళ్లిన తరువాత బండకేసి బాది, నార తీసి పలుపులు పేనేవాడు. పచ్చి మట్ట రసం ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి కాబట్టి మా అవ్వ ముందే హెచ్చరించేది: "దాని జోలికి పోబాకరా, వారం రోజులు గోక్కుంటావు." ఆ మొక్క కడుపులో తీపి ఉంటుందని మా ఊళ్లో ఎవరూ అనగా నేను వినలేదు.

నిరుడు మా తమ్ముడు సెలవులకు వస్తూ మెక్సికో దేశపు మద్యం మెస్కాల్ సీసా ఒకటి తెచ్చాడు. మూత తీయగానే వచ్చిన వాసన నాకు సారా వాసనలా తోచలేదు. సంక్రాంతి రోజుల్లో తాటితేగలకు తంపటి వేసి, కాలిన కుండను పక్కకు తీసి బూడిద దులిపేటప్పుడు వచ్చే వాసన అది. ఆ పోలిక ఊరికే తోచినది కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. మెస్కాల్ అనే పేరుకు మూలమైన, అక్కడి మూలవాసుల నవాత్ల్ భాషా పదానికి అర్థం ‘ఉడికిన కిత్తనార’. మన మాటల్లో చెప్పాలంటే తంపటి వేసిన కిత్తనార.

మన గట్ల మీది మొక్క కూడా ఆ దేశం నుంచి వలస వచ్చినదే. మెక్సికో దక్షిణాన ఉన్న వహాకా రాష్ట్రంలో మెస్కాల్‌కు ఎక్కువగా వాడే ఎస్పదీన్ జాతి పక్వానికి రావడానికి ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. కొండల్లో దొరికే తెపెస్తాతె వంటి అడవి జాతులకు పాతికేళ్లు కూడా పట్టవచ్చు. కిత్తనార జీవితంలో ఒక్కసారే పూస్తుంది, పూసిన తరువాత చచ్చిపోతుంది. అన్నేళ్లుగా దాచుకున్న తీపినంతా ఆ పూకాడకే ఖర్చు పెడుతుంది కాబట్టి, కాడ తలెత్తగానే దాన్ని నరికివేస్తారు. దాంతో తీపి మొక్క మొదలులోనే నిలిచిపోతుంది. ఆ పైన మట్టలన్నీ చెక్కివేస్తే మిగిలే గడ్డ అనాసపండులా కనబడుతుంది, అందుకే దాని పేరు కూడా అనాసే, వాళ్ల భాషలో పీన్యా. ఎస్పదీన్ గడ్డ ఒక్కొక్కటి పదుల కిలోలు తూగుతుంది.

ఆ గడ్డలోని తీపి పచ్చిగా ఉన్నంతకాలం పులియదు. అది విడి చక్కెర రూపంలో కాక, ఫ్రక్టాన్లు అనే చక్కెర గొలుసుల రూపంలో ఉంటుంది, వాటిని విడగొట్టడానికి వేడి కావాలి. నేలలో గొయ్యి తీసి, అడుగున కట్టెలు మండించి, పైన రాళ్లు పేర్చి, రాళ్లు ఎర్రబడిన తరువాత తడి పిప్పి పరిచి, దాని మీద గడ్డలు గుట్టగా పోసి, చాపలూ మట్టీ కప్పి మూడు నుంచి ఐదు రోజులు వదిలివేస్తారు. పొగ వాసన మెస్కాల్‌కు పట్టేది ఇక్కడే. బయటికి తీసిన గడ్డ ముదురు గోధుమ రంగుకు తిరిగి, పాకం కారుతూ ఉంటుంది. అక్కడి పిల్లలు దాని ముక్కను చప్పరించి పీచు ఉమ్మివేస్తారట. తేగను నమిలి పీచు ఉమ్మివేసిన మనకు ఇది కొత్తేమీ కాదు.

తరువాత గుర్రం లాగే రాతి చక్రంతో నలగ్గొట్టడం, పీచుతో సహా చెక్క తొట్లలో పోసి గాలిలోని ఈస్టుతోనే పులియనివ్వడం జరుగుతాయి. చలికాలంలో పులుపు నిదానిస్తే తయారు చేసేవాడు తొట్టి పక్కన ఎదురు చూడవలసిందే.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది సాంటా కటరీనా మీనాస్ అనే ఊళ్లో నేటికీ వాడే మట్టికుండల బట్టీ. పొయ్యిలో కట్టిన కుండ మీద అడుగు లేని మరో కుండను నిలిపి, దాని నోటి మీద చల్లని నీళ్లు పోసిన రాగి పళ్లెం పెడతారు. ఆవిరి పళ్లెం అడుగున తగిలి చుక్కలుగా రాలుతుంది. ఆ చుక్కలను పట్టడానికి లోపల ఒక చెక్క గరిటె ఉంటుంది, గరిటె కాడ నుంచి రెల్లు గొట్టం ద్వారా మెస్కాల్ బయటికి వస్తుంది. చెక్క గరిటెలకు పేరుపడిన ఉదయగిరివాణ్ణి కావడం చేత ఆ బొమ్మను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. రెండుసార్లు బట్టీ పట్టిన తరువాత మొదట వచ్చే ఘాటైన భాగాన్నీ చివరి పలచని భాగాన్నీ వేరు చేసి, తగుపాళ్లలో కలుపుతారు. పాళ్లు చూడడానికి పరికరమేదీ అక్కరలేదు. రెల్లు గొట్టంతో పీల్చి సొరకాయ బుర్ర వంటి గిన్నెలోకి వదిలితే లేచే బుడగలను ‘ముత్యాలు’ అంటారు. మద్యసారం సుమారు 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే ముత్యాలు ఎక్కువసేపు నిలుస్తాయి, అటూ ఇటూ అయితే వెంటనే చితికిపోతాయి.

మా జిల్లాలో పుట్టినవాడు బట్టీ గురించి మెచ్చుకోలుగా రాయడానికి కొంత సంకోచించాలి. 1992లో కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, వేలం పాటలను అడ్డుకున్నారు, ఆ పోరు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లది న్యాయమైన కోపమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అయితే ఆ సారా ప్యాకెట్ మీద ఎవరు కాచారో, దేనితో కాచారో తెలిపే మాట ఉండేది కాదు. తెలిసేదల్లా పాట పాడిన కాంట్రాక్టరు పేరే. మా తమ్ముడు తెచ్చిన సీసా మీద కాచినవాని పేరు, ఊరి పేరు, మొక్క జాతి, బట్టీ రకం, ఆ విడతలో వచ్చిన లీటర్ల లెక్క ఉన్నాయి. 1994 నుంచి మెస్కాల్ పేరుకు చట్టరక్షణ ఉంది. 2016 నాటి నిబంధనల ప్రకారం ‘పూర్వీకుల పద్ధతి’ అని వేసుకోవాలంటే మట్టికుండలోనే, నేరుగా మంట మీదే కాచాలి. మన దేశంలో 2011లో డెస్మండ్ నజారెత్ అనే వ్యాపారవేత్త చిత్తూరు జిల్లా డిస్టిలరీలో దక్కను కిత్తనార నుంచి మద్యం తీసినప్పుడు దాన్ని (కిత్తనార నుంచే తీసే మరో మెక్సికో మద్యమైన) టెకీలా అని గానీ మెస్కాల్ అని గానీ పిలవలేకపోవడానికి కారణం ఇటువంటి చట్టాలే.

ఈ పేరుప్రతిష్ఠల వల్ల వచ్చిన చిక్కు కూడా చిన్నది కాదు. గిరాకీ పెరిగేకొద్దీ అడవి జాతులను పూతకు రాకముందే తవ్వుకుపోతున్నారు. పూత లేకపోతే విత్తనం ఉండదు, ఆ పూలతేనె మీద ఆధారపడిన గబ్బిలాలకు తిండి ఉండదు. అందుకే కొందరు తోటలో కొన్ని మొక్కలను కోయకుండా పూతకు వదిలివేస్తున్నారు.

ఈ ఏడు మా గట్టు మీద మిగిలిన మూడు మొక్కల్లో ఒకటి కాడ వేసింది. నేను చూసేసరికి అది కరెంటు తీగల ఎత్తుకు లేచి, కొసన కొమ్మలు చాచి, పచ్చని మొగ్గలు పెట్టింది. వహాకాలో అయితే ఆరు నెలల క్రితమే నరికి ఉండేవారు.