ట్రాలీలోంచి కేసీఎల్ తీసేసినప్పుడు

నర్సింగ్ సూపరింటెండెంట్‌గా నేను చేపట్టిన మొదటి మార్పు, వార్డు ట్రాలీల్లో ఉండే గాఢ పొటాషియం క్లోరైడ్ (కేసీఎల్) చిన్న మందు సీసాలు, అంటే ఆంపూల్స్‌ను తీసేసి, ఫార్మసీలోనూ ఐసీయూలోనూ మాత్రమే తాళం వేసి ఉంచడం. 10 మిల్లీలీటర్ల ఆంపూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కిస్తే అది ప్రాణం నిలిపే మందు. ఇంజెక్షన్లు కలిపే డిస్టిల్డ్ వాటర్ అనుకుని నేరుగా సిరలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. తెల్లవారుజామున 3 గంటల వేళ, నిద్ర లేని కళ్లకు ఆ రెండు ఆంపూల్స్ ఒకేలా కనిపిస్తాయి. ఇలాంటి గాఢ ద్రావణాలను వార్డుల్లో నిల్వ ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే సూచించింది.

సర్క్యులర్ పంపితే చాలుననుకోవడం నా పొరపాటు. మూడో రోజునే ఒక వార్డు అల్మారాలో దాచిన ఆంపూల్స్ దొరికాయి. సంజాయిషీ అడగాలని తొందర కలిగినా, ముందు కారణం తెలుసుకోవాలనిపించి ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. విరేచనాలతో పొటాషియం బాగా పడిపోయిన ఒక రోగికి డాక్టరు ఆర్డర్ రాశాక, ఆయా ఇండెంట్ (మందు కోరే చీటీ) పట్టుకుని మూడంతస్తులు దిగి మందు తెచ్చేసరికి 40 నిమిషాలు పట్టింది. అంతసేపూ బంధువుల ఆందోళనకు ఎదురు నిలిచి జవాబు చెప్పింది డ్యూటీలో ఉన్న సిస్టరే. ఆంపూల్స్ దాచింది రోగి కోసమేనని నాకప్పుడు అర్థమైంది. 22 ఏళ్ల సర్వీసున్న ఆవిడ, "మేడమ్, ఇన్నేళ్లలో ఒక్క పొరపాటూ చేయని నా చేతుల మీద మీకు నమ్మకం పోయిందా?" అని అడిగినప్పుడు, ఆ మాటలోని బాధకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మరునాడు ఫార్మసీ వారితో కూర్చుని, వార్డు నుంచి ముందుగా ఫోన్ చేస్తే ఆయా దిగేలోపు మందు సిద్ధంగా ఉండేలా ఏర్పాటు చేసుకున్నాం. పొటాషియం ఎక్కించే ముందు రోగి పేరు, మోతాదు, వేగం ఇద్దరు నర్సులు పైకి చదివి సంతకం చేసే పద్ధతికి ఏ పట్టిక వాడాలో నేను నిర్ణయించలేదు. ఆ సీనియర్ సిస్టర్‌నే తయారుచేయమని కోరాను. ఆవిడ ఎదుట కూర్చుని, ఈ జాగ్రత్త ఆవిడ చేతుల మీద అనుమానంతో పెట్టింది కాదనీ, వరుసగా నాలుగో నైట్ డ్యూటీ చేసే ఎవరి కళ్లైనా మోసపోవచ్చనీ వివరించాను. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. రెండు వారాల తరువాత పట్టిక తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

ఇప్పుడు జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) చదివి కొత్తగా చేరిన అమ్మాయిల ముందు లేబుల్ కనబడకుండా రెండు ఆంపూల్స్ పెట్టి, వీటిలో నీళ్లేవో చెప్పమని అడిగేది ఆవిడే.