అకెర్నార్ వేడి ఎంతండీ?

అమలాపురంలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. రాత్రిపూట ఖాళీ దొరికితే పైథాన్‌లో వేడి నక్షత్రాల వాతావరణం లెక్కలు కడుతుంటాను. మొన్న ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, ఇంతకీ అకెర్నార్ వేడి ఎంతండీ?" అని. అకెర్నార్ అంటే దక్షిణాకాశంలో జోరుగా తిరిగే ఒక వేడి నక్షత్రం. ఆ ప్రశ్నకి ఒక్క అంకెలో జవాబు లేదు. ఆ సంగతే నాకు అన్నిటికన్నా ఇష్టం.

మన సూర్యుడి మధ్యరేఖ సెకనుకి 2 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, అకెర్నార్‌ది దాదాపు 300. ఆ వేగానికి నడుము ఉబ్బి, మధ్యరేఖ వ్యాసార్థం ధ్రువాల దగ్గరి దానికి 1.35 రెట్లయింది. ఉబ్బినచోట గురుత్వం తగ్గుతుంది, దాంతోపాటు వెలువడే శక్తీ తగ్గుతుంది. ఇది 1924లో స్వీడన్ ఖగోళ శాస్త్రవేత్త ఫాన్ జైపెల్ చెప్పిన సూత్రం. అందుకే ధ్రువాల దగ్గర సుమారు 17,000 కెల్విన్ ఉంటే, నడుము దగ్గర 13,000 లోపే.

కాబట్టి ఉపరితలాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ దాని వేడి, దాని గురుత్వం ఇచ్చి, వర్ణపటం, అంటే ఏ రంగు కాంతి ఎంత వస్తుందో, విడిగా కట్టి, మనం చూసే కోణాన్ని బట్టి కలపాలి. కోణం అంటే చిన్న విషయం కాదు. మన అభిజిత్తు, అదే వేగా, కూడా జోరుగా తిరిగేదే. కానీ దాని ధ్రువం దాదాపు మనవైపే ఉండటంతో చూపుకి గుండ్రంగా కనిపిస్తుంది.

అసలు కష్టం పైపొరల్లో. అక్కడ వాయువు బాగా పలచన, పరమాణువులు ఒకదాన్నొకటి ఢీకొనడం అరుదు. హైడ్రోజన్‌లో ఏ శక్తిస్థాయిలో ఎన్ని ఎలక్ట్రాన్లుండాలో కాంతి తేలుస్తుంది. ఆ కాంతి ఎంత బయటికి రావాలో మళ్ళీ ఆ స్థాయిలే తేలుస్తాయి. రెండూ పొసిగేదాకా లెక్క తిరిగి తిరిగి చెయ్యాల్సిందే. లాప్‌టాప్ వేడెక్కినా సరే, ఇక్కడ అడ్డదారి తొక్కడం నాకిష్టం ఉండదు.

ఇవి చాలవన్నట్టు నడుము చుట్టూ వాయుచక్రం ఒకటి, వస్తూ పోతూ. 1866లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త సెక్కి, గామా కాసియోపియా అనే నక్షత్రం వర్ణపటంలో నల్లగా ఉండాల్సిన హైడ్రోజన్ గీతని ప్రకాశంగా చూశాడు. అది ఇలాంటి చక్రం నుంచి వచ్చే వెలుగే. చిలీలోని టెలిస్కోపులతో కొలిచి 2003లో ప్రకటించినప్పుడు అకెర్నార్ మధ్యరేఖ, ధ్రువ వ్యాసార్థాల నిష్పత్తి 1.56 అని వచ్చింది. నడుము చుట్టూ మిగిలిన వాయువు ఆ కొలతని పెంచి ఉండొచ్చని తర్వాత తేల్చారు. నక్షత్రాన్నీ చక్రాన్నీ ఒకే నమూనాలో పెట్టాలని నేను పట్టుబట్టేది అందుకే.

చూడాలనుకుంటే డిసెంబరు మధ్యలో రాత్రి ఎనిమిదింటికి అంతర్వేది తీరానికి వెళ్ళండి. దక్షిణాన సముద్రం మీద, చాచిన చేతి పిడికిలికి ఒకటిన్నర రెట్ల ఎత్తులో ఉంటుంది.