శాంపిల్ తనే తీసుకుంది

మా అక్కకి హెచ్‌పీవీ అనే వైరస్ టెస్టు పాజిటివ్ వచ్చింది. ఈ సంగతి రాయమని తనే చెప్పింది, తనలా వాయిదా వేసేవాళ్లు చదువుతారని.

షుగర్, బీపీ, కళ్లు అన్నీ టైముకి చూపించుకునే మనిషి. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే సర్వికల్ క్యాన్సర్ టెస్టు మాటెత్తితే మాత్రం "అలా పడుకోవడం నా వల్ల కాదే" అని మాట తప్పించేసేది. భయం జబ్బంటే కాదు, ఆ పరీక్షంటే. సిగ్గు ఒకటి, ఎప్పుడో పడ్డ నొప్పి గుర్తు ఇంకొకటి. దాన్ని నేను మొండితనం అనను.

ఈసారి డాక్టరమ్మ బలవంతపెట్టలేదు. స్వాబ్ (మెత్తటి కొస ఉన్న పుల్ల), ట్యూబు చేతికిచ్చి బాత్రూమ్ చూపించారు. చేతులు కడుక్కుని, ఒంటిని వదులుగా పెట్టి, స్వాబ్‌ని చెప్పినంత లోపలికి పోనిచ్చి, మెల్లగా కాసేపు తిప్పి, ట్యూబులో పెట్టి మూత బిగించడం, అంతే. బయటికొచ్చి "సరైన చోట తగిలిందంటావా?" అని నన్నే అడిగింది.

తగలక్కర్లేదు. ఈ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వల్లే వస్తుంది. ఆ వైరస్ ఉందో లేదో తేల్చడానికి గర్భాశయ ముఖద్వారం దాకా వెళ్లే పని లేదు, యోనిలోంచి తీసిన శాంపిల్ చాలు. వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పద్ధతిలో చూస్తే డాక్టర్ తీసినదానికి ఇది దాదాపు సమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫార్సు చేస్తోంది. ఆస్ట్రేలియాలో 2022 జులై నుంచి స్క్రీనింగ్‌కి అర్హులైన అందరికీ ఈ వీలుంది.

పాజిటివ్ అనగానే అక్క చేతులు చల్లబడ్డాయి. పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. చాలామందిలో వైరస్ ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తేనే కణాలు మారతాయి, అవి క్యాన్సర్‌గా మారడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. ఆలోపే పట్టుకోవడానికే ఈ స్క్రీనింగ్ అంతా.

కానీ ఇక్కడ ఆగిపోతే టెస్టు చేయించీ లాభం లేదు. సొంతంగా తీసిన శాంపిల్‌తో పాప్ స్మియర్ అనే కణాల పరీక్ష చేయలేరు, కణాలు చూడాలంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. అక్క వెళ్లింది. ఇన్నాళ్లూ వద్దన్న పరీక్షకి ఈసారి కారణం కళ్లముందు ఉంది కదా, నా చెయ్యి పట్టుకుని ఓర్చుకుంది. ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే కాల్పోస్కోపీలో తేడాగా ఏమీ కనబడలేదు, ఏడాదికి మళ్లీ రమ్మన్నారు.

ఒక్క మాట. కలయిక తర్వాత గానీ, నెలసరి ఆగిపోయాక గానీ రక్తం కనబడితే ఈ కిట్ కోసం చూడకండి, నేరుగా డాక్టర్‌కి చూపించుకోండి. అలాంటివేమీ లేక, ముప్పై దాటినా ఒక్కసారీ చేయించుకోనివాళ్లు మాత్రం "హెచ్‌పీవీ టెస్టుకి శాంపిల్ నేనే తీసుకోవచ్చా?" అని నోరు తెరిచి అడగండి.